గట్టిగా తగిలిన గడ్డల్లా క్యాన్సర్ కాదు

(ఒంగోలులో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, తల్లిదండ్రుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సభలో ఒక పిల్లల సర్జన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎండన పడి వచ్చారు, ఇక్కడ ఫ్యాన్లు కూడా అంతంతమాత్రంగానే తిరుగుతున్నాయి. అందుకని సుత్తి లేకుండా విషయంలోకి వచ్చేస్తాను.

పిల్లల చర్మం మీద వచ్చే గడ్డల గురించి చెప్పమన్నారు. గడ్డలంటే సవాలక్ష. సెగ్గడ్డలు, పులిపిర్లు, ఎండాకాలం వేడి కురుపులు మీకు నాకన్నా బాగా తెలుసు, వాటి జోలికి పోను. వెంట్రుక కుదురులో పుట్టే గడ్డలు కొన్నున్నాయి. ప్రాణానికి ముప్పు లేనివి. కానీ వాటిని చూసి ఇల్లిల్లంతా హడలిపోవడం, వాటికి జరగకూడని వైద్యాలు జరగడం మా ఓపీలో మామూలైపోయింది. వాటిలోనూ ఎక్కువగా కనిపించే ఒకదాని గురించే ఎక్కువసేపు మాట్లాడతాను. దాని పేరు పైలోమాట్రికోమా. పేరు నోరు తిరగకపోయినా పర్లేదు, వేలికి తెలిస్తే చాలు.

మా దగ్గరికి వచ్చే తీరు దాదాపు ఇలా ఉంటుంది. ఆరేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్న పిల్ల. బుగ్గ మీదో, కనుబొమ పక్కనో, చెవి ముందో, మెడ మీదో, కాకపోతే జబ్బ మీదో శనగగింజంత గడ్డ. జ్వరం లేదు, నొప్పీ లేదు. తలంటి పోస్తుంటే అమ్మ చేతికి తగిలింది. దోమ కుట్టిందేమో అనుకుంది. ఆర్నెల్లు గడిచాయి, పోలేదు సరికదా కొంచెం పెరిగింది. పైన చర్మం నీలంగా కమిలినట్టు కనిపిస్తోంది. ఇంతలో పక్కింటావిడ వచ్చి వేలితో నొక్కి చూసి, "ఏందమ్మా ఇది, రాయి మాదిరి ఉంది!" అనేసి పోయింది. ఇక ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

గట్టిగా ఉంటే చెడ్డది, మెత్తగా ఉంటే మంచిది అనే లెక్క జనంలోకి మేమే పంపాం. పెద్దవాళ్ళ రొమ్ములోనో మెడలోనో గట్టి గడ్డ తగిలితే వెంటనే చూపించుకోండి అని ఊరూరా చెప్పాం. అది నిజమే, ఇప్పుడూ అదే చెబుతాం. ఆ లెక్కను తెచ్చి చిన్నపిల్ల బుగ్గకు అంటగడితేనే చిక్కు. చర్మంలోనే కూర్చుని, చర్మంతో పాటే కదులుతూ, మూలలు తేలినట్టు గట్టిగా తగిలే చిన్న గడ్డ పిల్లల్లో చాలావరకు ఈ పైలోమాట్రికోమానే అవుతుంది. మీరు భయపడే ఆ గట్టితనమే మాకు ధైర్యం చెప్పే గుర్తు.

ఎందుకు అంత గట్టిగా ఉంటుంది? వెంట్రుక ఎలా పుడుతుందో చెబితే అది అర్థమవుతుంది. కుదురు అడుగున కొన్ని కణాలు ఆగకుండా పుడుతూ ఉంటాయి. పుట్టినవి పైకి జరుగుతూ గట్టిపడి, మధ్యలో ఉన్న కేంద్రకాన్ని పోగొట్టుకుని, చనిపోయి వెంట్రుకగా బయటికొస్తాయి. మన తల మీద ఉన్నదంతా చచ్చిన సరుకే, దానికే మనం ఇంత నూనె ఖర్చు పెడుతున్నాం. (నవ్వులు) ఆ కణాలకు "ఇప్పుడు పెరుగు, ఇప్పుడు ఆగు" అని చెప్పే ఏర్పాటు ఒకటుంది. అందులో బీటా కాటెనిన్ అనే ప్రొటీన్ ముఖ్యమైనది. దాని జన్యువులో చిన్న మార్పు వస్తే "పెరుగు" అనే సంకేతం ఆగకుండా వెళుతూనే ఉంటుంది. చాలా పైలోమాట్రికోమాల్లో ఈ మార్పే ఉందని 1999లో తేలింది. అప్పుడు కణాలు గుంపుగా పుడతాయి, వెంట్రుక అవుదామని చూస్తాయి, కాలేక అక్కడే చచ్చి పేరుకుంటాయి. మైక్రోస్కోపు కింద చూస్తే కణం చుట్టూ అంచు మాత్రం కనిపిస్తుంది, లోపల కేంద్రకం ఉండాల్సిన చోట ఖాళీ. వాటిని దెయ్యపు కణాలు అనే అర్థమొచ్చే పేరుతోనే పిలుస్తారు. ఆ చచ్చిన కణాల్లో నెమ్మదిగా కాల్షియం చేరుతుంది. ఒక్కోసారి ఎముక కూడా కడుతుంది. అందుకే ఆ గట్టితనం.

దీన్ని మొదట వర్ణించింది ఫ్రాన్సులో, 1880లో. మాలెర్బ్, షెనాంటే అనే ఇద్దరు. వాళ్ళు ఇది చర్మంలోని నూనె గ్రంథుల నుంచి పుడుతుందనుకున్నారు. వెంట్రుక కణాల నుంచే పుడుతుందని తేల్చి ఫోర్బిస్, హెల్విగ్ అనే డాక్టర్లు ఇప్పటి పేరు పెట్టింది 1961లో. ఎనభై ఏళ్ళు దాటింది. డాక్టర్లకే అంత కాలం పడితే, మీకు ఒక్కసారి చూసి తెలియలేదని బాధపడాల్సిన పని లేదు.

కాల్షియం అనగానే మన వైపు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు అడుగుతారు, "ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే ఇట్టా వచ్చిందా సార్?" అని. చీమకుర్తి నుంచి వచ్చినవాళ్ళు గ్రానైట్ దుమ్ము సంగతి అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు, ఫ్లోరైడ్ చేసిన చేటు కళ్ళారా చూసినవాళ్ళు వాళ్ళు. కానీ ఫ్లోరైడ్ పట్టేది పళ్ళను, ఎముకలను. దుమ్ము దెబ్బ తీసేది ఊపిరితిత్తులను. ఈ గడ్డకు ఆ రెండింటితో సంబంధం లేదు. ఈ పిల్లలకు రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంటుంది. కాబట్టి పాలు మాన్పించకండి. ఒకావిడ పిల్లకు పాలు, పెరుగు, గుడ్డు మూడూ ఆపేసి తీసుకొచ్చింది. గడ్డ తగ్గలేదు, పిల్ల మాత్రం తగ్గింది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, అత్తగార్లు కూడా కొందరు వచ్చినట్టున్నారు కనుక. గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకున్నందుకు ఈ గడ్డ రాదు. కడుపుతో ఉన్నప్పుడు తిన్న తిండి వల్ల రాదు. ఒక్క గడ్డే ఉన్న పిల్లల్లో ఈ జన్యుమార్పు సాధారణంగా ఆ ఒక్క చోట, అక్కడి కణాల్లోనే జరుగుతుంది. అమ్మ నుంచీ రాలేదు, నాన్న నుంచీ రాలేదు. కోడలి మీద పెట్టడానికి ఇందులో నేరమేమీ దొరకదు. (నవ్వులు, చప్పట్లు)

సరే, వేలితో ఎలా చూడాలి? ఆశా అక్కలు ఇది బాగా పట్టుకోవాలి. ముందు చేతులు కడుక్కోండి, పిల్లను వెలుతురు వైపు తిప్పి కూర్చోబెట్టండి. రెండు వేళ్ళతో గడ్డను పట్టుకుని అటూ ఇటూ జరపండి. అది పైచర్మానికి అంటుకుని ఉంటుంది, కింద కండకు అంటుకోదు. అంటే చర్మంతో పాటు మొత్తం జరుగుతుంది. తర్వాత గడ్డకు రెండు పక్కలా చర్మాన్ని లాగి పట్టుకోండి. నున్నగా గుండ్రంగా కాకుండా పలకలు పలకలుగా, మూలలతో కనిపిస్తుంది. గుడారం గుడ్డ కింద కర్ర పొడుచుకొచ్చినట్టు ఉంటుందని దీనికి టెంట్ గుర్తు అని పేరు. ఇక గడ్డ ఒక అంచును మెల్లగా నొక్కండి. రెండో అంచు పైకి లేస్తుంది. పార్కులో పిల్లలు చెరో చివర కూర్చుని ఊగే బల్లను చూశారుగా, అచ్చం అలాగే. నీళ్ళగడ్డలో ఇది జరగదు, నొక్కితే చొట్ట పడుతుంది. చూడటం ఒక్కసారి చాలు. రోజూ పొద్దున లేవగానే నొక్కి "ఇంకా ఉందా" అని చూసుకునే తల్లులున్నారు. అలా నొక్కి నొక్కే పైచర్మం ఎర్రబడి పుండవుతుంది.

మెడలో గడ్డ అనగానే టీబీ అనుకుంటారు. అనుకోవాల్సిందే, మన దేశంలో టీబీ అంత ఉంది. కానీ టీబీ వల్ల ఉబ్బే బిళ్ళలు, అంటే లింఫ్ గ్రంథులు, చర్మం కింద లోతుగా ఉంటాయి, చర్మాన్ని చిటికెలో పట్టుకుంటే విడిగా పైకి వస్తుంది. సాధారణంగా రెండు మూడు కలిసి అంటుకుని ఉంటాయి. పిల్లల మెడ వెనక చిన్న చిన్న బిళ్ళలు తగిలితే ముందు తల చూడండి, పేలో గజ్జో ఉంటుంది. ఈ గడ్డ అలా కాదు, చర్మంలోనే ఉంటుంది, చాలామందిలో ఒక్కటే ఉంటుంది. వేలు పెట్టి చూడకుండా, మెడ అన్నారు గనుక టీబీ మందులు మొదలుపెట్టిన సంగతులు నాకు తెలుసు. ఆ మందులు ఆరు నెలలు మింగాలి, లివర్‌ మీద భారం. పరీక్షలో టీబీ అని తేలితే తప్పకుండా వాడాలి, తేలకపోతే మాత్రం అడగండి, "ఏ పరీక్ష మీద వాడుతున్నారండీ?" అని. అడిగే హక్కు మీకుంది.

సూది పరీక్ష గురించి. గడ్డలోకి సన్నసూది పెట్టి కణాలు తీసి చూసే పరీక్ష మంచిదే, టీబీ విషయంలో చాలా పనికొస్తుంది. ఈ గడ్డలో మాత్రం అది ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. ఇందాక చెప్పిన పుట్టే కణాలు చూడటానికి నల్లగా, చిక్కగా, చకచకా విభజన జరుగుతున్నట్టు ఉంటాయి. సూది మొన సరిగ్గా వాటి మధ్యకే వెళ్ళి, దెయ్యపు కణాలు పడకపోతే, రిపోర్టులో "క్యాన్సర్ అనుమానం" అని రావచ్చు. ఇది పాథాలజీ పుస్తకాల్లో, అంటే కణాలు పరీక్షించే డాక్టర్ల పుస్తకాల్లో, పేరుమోసిన బోల్తానే. అలాంటి రిపోర్టు పట్టుకుని ఒక కుటుంబం ఉన్నపళాన మద్రాసు రైలెక్కింది. పిల్ల బామ్మ మొక్కులన్నీ మొక్కేసింది. అక్కడ గడ్డ మొత్తం తీసి చూస్తే ఏముంది, పైలోమాట్రికోమా. పోనీలే, పిల్ల బాగుంది. ఆ నెల రోజుల టెన్షన్ మాత్రం పగవాళ్ళకు కూడా వద్దు. నా మటుకు నేను, వేలికి స్పష్టంగా తెలుస్తున్న చిన్న గడ్డకు సూది పరీక్ష అడగను. అల్ట్రాసౌండ్ చేయిస్తాను. లోపల కాల్షియం చుక్కలు, వాటి వెనక నీడ, చుట్టూ సన్నటి అంచు కనిపిస్తాయి. నొప్పి లేదు, మత్తు అక్కర్లేదు.

ఇప్పుడు మందు. మింగే మందు లేదు. పూసే మందు లేదు. దానంతట అది కరిగిపోవడం కూడా జరగదనే అనుకోండి. సున్నం, పసుపు కలిపి పెట్టడం, జిల్లేడు పాలు పూయడం, వాత పెట్టడం, గడ్డ చుట్టూ వెంట్రుక బిగించి కట్టడం, ఇవన్నీ చూశాను. గడ్డ ఎక్కడికీ పోదు, మచ్చ మాత్రం ముఖం మీద జన్మంతా ఉండిపోతుంది. జిల్లేడు పాలు కంటి దగ్గర పూస్తే చూపుకే ఎసరు. ఇంకొందరు సెగ్గడ్డ అనుకుని గాటు పెట్టిస్తారు. చీము రాదు, తెల్లగా సున్నపు పొడి లాంటిది కొంచెం వస్తుంది. ముక్క లోపల మిగిలిపోతుంది, మళ్ళీ పెరుగుతుంది.

చేయాల్సింది ఆపరేషనే. చిన్నది. గడ్డను మొత్తం, దానికి అతుక్కుని పల్చబడిన పైచర్మం ఉంటే దానితో సహా, తీసేయాలి. ముఖం మీద సహజంగా పడే ముడతల వెంటే గాటు పెడతాం, మచ్చ అందులో కలిసిపోతుంది. చెప్పిన మాట వినే పెద్దపిల్లలకు అక్కడ మాత్రం తిమ్మిరి ఇచ్చి చేయొచ్చు, చిన్నవాళ్ళకు మత్తు ఇస్తాం. మత్తంటే భయపడేవాళ్ళు ఒక్క నియమం పాటిస్తే పెద్ద ప్రమాదం ఒకటి తప్పుతుంది. ఆపరేషన్‌కు ముందు 6 గంటల నుంచి అన్నం, టిఫిన్, ఆవుపాలు, గేదెపాలు ఏవీ పెట్టకూడదు. తల్లిపాలైతే 4 గంటలు. ఉత్త మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. పసిదానికి ఆకలేస్తోందని వరండాలో అమ్మమ్మ చాటుగా రెండు ఇడ్లీ ముక్కలు పెట్టేస్తుంది. దయచేసి అమ్మమ్మ మీద ఒక కన్నేసి ఉంచండి. మత్తులో వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి పోతే అప్పుడు గడ్డ సంగతి కాదు, ప్రాణం సంగతి చూడాల్సి వస్తుంది.

ముఖం మీద కుట్లు వారంలోపు తీసేస్తాం. మొత్తం తీస్తే మళ్ళీ అక్కడే రావడం చాలా అరుదు. జబ్బ మీద, భుజం మీద, ఛాతీ మీద మాత్రం మచ్చ కొంచెం వెడల్పు అవుతుంది, ఉబ్బొచ్చు కూడా. చెవులు కుట్టిస్తే గడ్డ కట్టిన వాళ్ళు ఇంట్లో ఉంటే ముందే చెప్పండి.

ఒక్క విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. తీసిన గడ్డను బుట్టలో పడేయకూడదు. గడ్డ పాడవకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజీకి పంపాలి. కత్తి పెట్టకముందే ఈ గడ్డ పేరు సరిగ్గా చెప్పడం ఏ దేశంలోనైనా డాక్టర్లకు కష్టంగానే ఉంది, చాలా పరిశీలనల్లో సగానికి సగం తప్పే పోయింది. ఇందులో క్యాన్సర్ రకం ఒకటి ఉంది, అత్యంత అరుదు, అదీ ఎక్కువగా పెద్ద వయసువాళ్ళలో. అయినా చూసి నిర్ధారించుకోవాలి. "చిన్న గడ్డే కదా, ల్యాబ్ ఖర్చు దేనికి" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మన ఒంగోలు ప్రభుత్వాసుపత్రి రిమ్స్‌లో, పేరు మారినా మనవాళ్ళు రిమ్స్ అనే అంటారు కదా, మెడికల్ కాలేజీ ఉంది, పాథాలజీ విభాగం ఉంది. నెల్లూరు పెద్దాసుపత్రిలోనూ అంతే. రిపోర్టు కాగితం జాగ్రత్తగా దాచుకోండి.

ఒకటి కాకుండా ఎక్కువ గడ్డలు ఉంటే కథ వేరు. చాలామంది అలాంటి పిల్లలు కూడా ఆరోగ్యంగానే ఉంటారు. కానీ కొందరిలో వెనక ఇంకో జబ్బు దాక్కుని ఉంటుంది, అందుకే కొన్ని ప్రశ్నలు అడుగుతాం. ఇంట్లో ఎవరికైనా పిడికిలి బిగిస్తే వెంటనే వదులు కాదా, పట్టుకున్న చెంబు వదలడానికి కష్టపడతారా? అది మయోటోనిక్ డిస్ట్రఫీ అనే కండరాల జబ్బు కావచ్చు, అది వంశంలో నడుస్తుంది. చిన్న వయసులోనే పేగు క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఉన్నారా? పేగుల్లో వందల కొద్దీ బుడిపెలు వచ్చే జబ్బు ఒకటుంది, దానితో కూడా ఇవి రావచ్చు. ఆడపిల్ల ఈడుకు తగ్గ ఎత్తు పెరగలేదా? టర్నర్ అనే, పుట్టుకతో వచ్చే క్రోమోజోమ్ లోపం ఉందేమో పరీక్ష చేయించాలి. ఇక మేనరికం ఇళ్ళలో, రెండు మూడు ఇలాంటి గడ్డలతో పాటు ఒంటి మీద పాలకాఫీ రంగు మచ్చలు ఉంటే మేం చెవులు నిక్కబొడుస్తాం. డీఎన్ఏలో పడే తప్పులను దిద్దే ఏర్పాటు ఇద్దరి వైపు నుంచీ చెడిపోయి పుట్టిన పిల్లలు కొందరుంటారు, వాళ్ళకు చిన్నతనంలోనే మెదడు, రక్తం, పేగు క్యాన్సర్లు రావచ్చు. ఇది చాలా అరుదు. అరుదు కదా అని అడగకుండా ఉండలేం.

మిగతా రకాలు త్వరగా చెప్పేస్తాను. ఈడొచ్చే వయసులో ముక్కు పక్కల చర్మం రంగులోనే చిన్న చిన్న గట్టి బుడిపెలు వచ్చి, అమ్మకో నాన్నకో కూడా అలాగే ఉంటే అవి మొటిమలు కాదు, ట్రైకోఎపితీలియోమాలు. ప్రమాదం లేదు. ప్రమాదమంతా మందుల షాపులో "మొటిమలకు ఏదైనా ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీముతోనే. ముఖం తెల్లబడుతోందని నెలల తరబడి రాస్తారు, ఆ తర్వాత చర్మం పల్చబడి, నరాలు తేలి, ఎండలోకి పోతే మంట. మాలకొండలోనో తిరుమలలోనో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు తల మీద వెంట్రుకలు మొలవని పసుపుపచ్చ మచ్చ ఒకటి బయటపడుతుంది కొందరిలో. అది పుట్టుకతో వచ్చేది, కంగారు లేదు. పెద్దయ్యాక దాని మీద కొత్తగా బుడిపె లేస్తే చూపించండి.

వెంట్రుక గడ్డ కాకపోయినా ఒకటి తప్పక చెప్పాలి. ముక్కు మధ్యగీత మీద పుట్టినప్పటి నుంచి గడ్డ గానీ, చిన్న రంధ్రం, అందులోంచి ఒక వెంట్రుక గానీ కనిపిస్తే, అది డెర్మాయిడ్ కావచ్చు. దాని వేరు లోపల మెదడు పొర దాకా వెళ్ళి ఉండొచ్చు. స్కాన్ తీయకుండా దాని మీద ఎవరినీ కత్తి పెట్టనివ్వకండి. ఎంత చిన్నదైనా సరే.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక తల్లి: సార్, మా వాడికి జబ్బ మీద రెండేళ్ళ నుంచి ఉంది. పెరగడం లేదు. తీయించకపోతే ఏమవుతుంది?)

ఏమీ కాకపోవచ్చమ్మా. అర్జెంటేమీ లేదు, పరీక్షలయ్యాక సెలవుల్లో తీయించండి. ఉంచేస్తే సాధారణంగా మెల్లగా పెరుగుతుంది, చర్మం పల్చబడి పుండు కావచ్చు, పెద్దదైతే గాటు కూడా పెద్దది అవుతుంది. చిన్నగా ఉన్నప్పుడే తీయించుకోమనడం అందుకే.

(ఒక ఆశా కార్యకర్త: ఏ గడ్డకైతే ఆగకుండా పంపించాలి సార్?)

మంచి ప్రశ్న. వారాల్లోనే గబగబా పెరిగేది, కింద కండకో ఎముకకో అతుక్కుని కదలనిది, కాలర్ ఎముక పైన తగిలేది. గడ్డతో పాటు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఒళ్ళు పాలిపోవడం ఉంటే ఆ రోజే పంపండి. చిన్న గడ్డలకైతే బడికి, అంగన్‌వాడీకి పిల్లల్ని పరీక్షించడానికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) టీముకు చూపించండి. 2013 నుంచి ఉన్న పథకం అది, అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి రావాలి. వాళ్ళు వచ్చిన రోజు పిల్లను బడి మాన్పించకండి. మీరు చూపించిన పిల్ల పేరు వాళ్ళ కాగితంలో ఎక్కితే పెద్దాసుపత్రికి దారి సులువవుతుంది.

(ఒక తండ్రి: పాపకు ముఖం మీద మచ్చ పడితే రేపు పెళ్ళికి ఇబ్బంది కాదా?)

పాప వయసెంతయ్యా? ఐదేళ్ళా! (నవ్వులు) గడ్డ అలాగే పెరగనిస్తే కనిపించేది గడ్డ. తీయిస్తే కనిపించేది సన్నటి గీత, అదీ ఏడాది తిరిగేసరికి వెతుక్కోవాలి. కుట్లు తీశాక కొన్ని నెలలు ఎండ తగలకుండా చూడండి, బడికి వెళ్ళేటప్పుడు టోపీ పెట్టండి, మచ్చ నల్లబడదు. పెళ్ళి సంగతి దాని చదువయ్యాక అదే చూసుకుంటుంది.

పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళు పక్క గదిలో కూర్చోండి. ఇంటికి పోయేలోపు అందరినీ చూస్తాను. పాత రిపోర్టులుంటే బయటికి తీసి పెట్టుకోండి, ముఖాల మీద పౌడరు మాత్రం తుడిచేయండి, గడ్డ రంగు నాకు కనపడాలి.